స్టాపుల తాత

"ఆస్పత్రి స్టాపొస్తోంది బాబూ."

వెనక సీట్లోంచి ఆ గొంతు వినగానే డ్రైవరుకు ఒళ్ళు మండింది.

ఆస్పత్రి దగ్గర ఆస్పత్రి స్టాపు కాక ఇంకేం వస్తుంది? ఏళ్ళ తరబడి ఇదే రూటులో బస్సు తోలుతున్నవాడికి ఈ ముసలాయన దారి చూపించాలా?

బ్రేకు తొక్కాడు. దిగేవాళ్ళు దిగారు, ఎక్కేవాళ్ళు ఎక్కారు. ముసలాయన మాత్రం కదల్లేదు. ఆయన ఏ స్టాపులోనూ దిగడు. పొద్దున్నే నెల పాసు చూపించి ఎక్కి, డ్రైవరు వెనక సీటు పట్టుకుని, అతను డ్యూటీ దిగేదాకా అక్కడే కూర్చుంటాడు. ప్రతి స్టాపుకూ ముందుగా ఒక కేక.

రోజూ ఎక్కేవాళ్ళు ఆయనకు స్టాపుల తాత అని పేరు పెట్టుకుని నవ్వుకునేవాళ్ళు.

డ్రైవరు నవ్వి చాలా రోజులైంది.

ఎందుకయ్యా అంటే ఏం చెబుతాడు? ఇంట్లో గొడవల్లేవు, ఒంట్లో జ్వరమైనా లేదు. అయినా తెల్లవారకముందే మెలకువ వచ్చేస్తుంది, ఇక కన్ను మూతపడదు. ఏం తిన్నా గడ్డి నమిలినట్టే ఉంటుంది. కూతురు స్కూలు కబుర్లు చెబుతుంటే పెదాలు కదలడం కనిపిస్తుంది గానీ, ఒక్క మాటా చెవికెక్కదు. భార్య "ఏమైందండీ" అంటే "ఏం లేదు" అంటాడు.

చెప్పుకుందామంటే భయం. బుర్ర సరిగా లేదన్నవాడి చేతికి స్టీరింగు ఎవరిస్తారు? స్టీరింగు పోతే తనకు వచ్చిన పని ఇంకేముంది? అందుకే నోరు కుట్టేసుకున్నాడు.

ఆ మధ్యాహ్నం చివరి స్టాపులో బస్సు ఖాళీ అయ్యాక ముసలాయన ముందుకు వంగాడు.

"నిద్ర పడుతోందా బాబూ?"

"పట్టకపోతే మీరొచ్చి జోల పాడతారా?"

"తిండి సయిస్తోందా?"

"పెద్దాయనా, అసలు మీకేం కావాలి?"

"నాకేం వద్దు. ఒకసారి డాక్టరుకు చూపించుకో. ఒంటికి కాదు, మనసుకు. డిపోలో నేను చెప్పనులే. నీ అంతట నువ్వు చెప్పుకుంటేనే బాగుంటుంది."

ఈయనకెలా తెలిసింది? రేపెక్కడైనా నోరు జారితే తన గతేంటి? ఆ భయమే కోపమై బయటికొచ్చింది.

"నాకేమన్నా పిచ్చా? పనీ పాటా లేక పొద్దస్తమానం బస్సులో తిరిగేది మీరు. దిగండి."

"పోనీలే అన్నా, పెద్దవాడు," అంది కండక్టరమ్మ.

"నువ్వూరుకో చెల్లెమ్మా. రేపట్నుంచి ఈయన ఎక్కితే నేను బస్సు తియ్యను."

ముసలాయన కండక్టరమ్మతో, "నువ్వయినా ముందు నిలబడి స్టాపులు చెబుతుండమ్మా" అని, కడ్డీ పట్టుకుని నెమ్మదిగా దిగిపోయాడు.

చాదస్తం అనుకుందామె.

మర్నాడు వెనక సీటు ఖాళీ. హమ్మయ్య, పీడ వదిలిందనుకున్నాడు డ్రైవరు.

"ఏమయ్యా, మార్కెట్లో ఆపవేం?" వెనకనుంచి ఎవరో అరిచారు.

మార్కెట్ ఎప్పుడు దాటింది?

కాసేపటికి ఆస్పత్రీ దాటిపోయింది. కళ్ళు తెరిచే ఉన్నాయి, చేతులు స్టీరింగు తిప్పుతూనే ఉన్నాయి. వచ్చిన దారి మాత్రం అతనికి గుర్తు లేదు.

"అన్నా, పిల్లలు!"

కండక్టరమ్మ కేకకు కాలు దానంతటదే బ్రేకు మీద పడింది. జనం ఒకరి మీద ఒకరు పడ్డారు. బస్సుకు జానెడు దూరంలో, రోడ్డు దాటుతున్న స్కూలు పిల్లలు బిక్కచచ్చి నిలబడి ఉన్నారు.

ఎవరికీ ఏం కాలేదు.

డ్రైవరు వేళ్ళు స్టీరింగుకు బిగుసుకుపోయాయి. కండక్టరమ్మ వచ్చి ఒక్కో వేలూ విడదీయాల్సి వచ్చింది. అప్పుడు ఏడ్చాడు, అందరి ముందూ, సిగ్గు విడిచి.

"నాకు బాగాలేదు చెల్లెమ్మా. చాన్నాళ్ళుగా బాగాలేదు."

ఇది బద్ధకమూ కాదు, పిచ్చీ కాదు, జబ్బు, తగ్గుతుంది అన్నాడు డాక్టరు. మందులిచ్చాడు, వారం వారం వచ్చి మాట్లాడమన్నాడు. డిపోలో సెలవిచ్చారు, కోలుకున్నాక మళ్ళీ బస్సెక్కుదువులే అన్నారు. ఇంట్లో భార్య ఇదంతా విని, "నేనేం తప్పు చేశానా అని ఇన్నాళ్ళూ కుమిలిపోయానండీ" అంది.

నిద్ర కాస్త దారికొచ్చాక అతనికి ముసలాయన గుర్తొచ్చాడు. కండక్టరమ్మ ముందు ఆయన్ని అన్న మాటలకు క్షమించమని అడగాలనుకున్నాడు. కండక్టరమ్మ వాకబు చేసి ఇల్లు కనుక్కుంది. ఇద్దరూ కలిసి వెళ్ళారు.

తలుపుకు తాళం.

"ఇల్లు ఖాళీ చేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు బాబూ, ఏ ఊరో నాకూ తెలీదు," అంది పక్కింటి పెద్దావిడ బట్టలు ఆరేస్తూ. "ఉన్నన్నాళ్ళూ పొద్దున లేస్తే బస్సు బస్సు అని పరిగెత్తేవారు. ఒకరోజు తను చెయ్యెత్తినా బస్సు ఆగలేదట. ఆ డ్రైవరు చూస్తున్నాడు గానీ ఏదీ కనబడట్లేదు పాపం, ఆ చూపు నాకు తెలుసు అనేవారు."

"ఆయనకెలా తెలుసమ్మా? డాక్టరా?"

"డాక్టరేంటి బాబూ," అందావిడ. "చాలా ఏళ్ళ కిందట ఈ రూటు బస్సొకటి వంతెన మీంచి కాలవలో పడి అంతమంది పోయారు చూడూ, ఆ బస్సు తోలింది ఆయనే."