పొరుగింటి సాక్ష్యం

"ఇంత పెద్ద హాల్లో ఒక్క చాపేనా అమ్మా?"

"ఒక్కటి చాలదా సార్? ఉండేది ఇద్దరమే కదా," అంది నాగలక్ష్మమ్మ తల వంచుకుని. ఆ వంచడం కోసం రెండు రోజులు అద్దం ముందు కష్టపడింది.

ఉదయ్ కుమార్ కళ్ళు చెమర్చాయి. ఆయన రిటైరైన తహసీల్దారు, ఇప్పుడు కదిరిలో మితజీవన సంఘానికి అధ్యక్షుడు. తక్కువ సామానుతో, ఏ లోటూ అనుకోకుండా బతికే ఇల్లాలికి 'నిరాడంబర గృహిణి' అని బిరుదివ్వాలని వీధి వీధీ తిరుగుతున్నాడు, ఏసీ కారులో. ఆదివారం పుట్టపర్తిలో సభ. గెలిచినవాళ్ళకు శాలువా, వేదిక మీద పది నిమిషాల ప్రసంగం, బస్టాండు ముందర నిలువెత్తు ఫ్లెక్సీ. ఆ ఫ్లెక్సీ కోసం నాగలక్ష్మమ్మ ఏమైనా చేస్తుంది. నిరాడంబరంగా వేదికెక్కడానికి ధర్మవరం పోయి పట్టుచీర కూడా తెచ్చిపెట్టుకుంది.

సంఘం అమ్మాయి ఇర్ఫానా ఫోన్లో వీడియో తీస్తోంది. మూలకు ఎర్రగుడ్డతో మాసిక వేసిన చాప, అంచు విరిగిన మట్టికుండ, తినడానికి సొట్టలు పడిన రెండు సత్తు తట్టలు, సంగటి కెలికే కట్టె. ఇంట్లో ఉన్నది అంతే.

"ఫ్రిజ్జు లేకుండా ఎట్లా మేడం?" అని అడిగింది ఇర్ఫానా.

"కుండ నీళ్ళ రుచి ఫ్రిజ్జులో యాడ వస్తుందమ్మా? సామాను పెరిగేకొద్దీ మనసు ఇరుకవుతుంది."

ఇర్ఫానాకు ఆ మాట ఎంత నచ్చిందంటే, వెలుతురు చూసి ఇంకోసారి చెప్పించుకుంది.

"మీకూ లోటనిపించదా?" అని నాగలక్ష్మమ్మ భర్త కుళ్ళాయప్పను అడిగాడు ఉదయ్ కుమార్. ఆయన ముందు భార్య వైపు చూసి, తర్వాత "అనిపించదు సార్" అన్నాడు. చాప మీంచి లేవడానికి మాత్రం ఇద్దరు చెయ్యి అందించాల్సి వచ్చింది.

"ఇక పొరుగింటి సాక్ష్యం ఒకటి మిగిలింది," అన్నాడు ఉదయ్ కుమార్. పోటీ నియమం అది. వీళ్ళు రోజూ ఇట్లాగే బతుకుతారని పక్కింటివాళ్ళు చెప్పాలి.

"నల్లమ్మను ఈడికే పిలుస్తా సార్. ఆమెది ఒంటిగది, మీరు దూరలేరు."

"మీ ఎదుట చెబితే అది సాక్ష్యమెట్లా అవుతుందమ్మా? మేమే పోతాం."

నాగలక్ష్మమ్మ అడ్డం వచ్చేలోపే ఆయన చెప్పులేసుకున్నాడు. ఆమె కూడా వెనకాలే పరిగెత్తింది.

నల్లమ్మ చెనక్కాయలు ఒలిచే కూలికి పోతుంది. మొగుడు చనిపోయి ఆరేళ్ళయింది. తలుపు తోస్తే సగమే తెరుచుకుంది. వెనక సోఫా అడ్డం, దాని మీద రెండు పరుపులు. ఒక గోడకు రెండు తలుపుల ఫ్రిజ్జు, ఇంకో గోడకు వాషింగ్ మిషను, దాని మీద మిక్సీ, ఓవెను, పక్కన మంచమంత టీవీ. వాటి మధ్య సందులో నల్లమ్మ నిలబడి ఉంది.

ఉదయ్ కుమార్‌కు ఒళ్ళు మండింది. "నాలుగు రోజులకొక ట్యాంకరు వచ్చే వీధిలో నీకు వాషింగ్ మిషనా?"

నల్లమ్మ నాగలక్ష్మమ్మ ముఖంలోకి చూసింది. "సార్, ఇవి..."

"అన్నీ ఆమెవే సార్," అని నాగలక్ష్మమ్మ గబుక్కున అందుకుంది. "ఒంటరి మనిషి, ముచ్చటపడి కొనుక్కునింది. మనకెందుకు, పోదాం రండి."

"ఇవన్నీ నీవేనా నల్లమ్మా?"

"అక్క అంత గట్టిగా చెప్పినాక కాదంటానా సార్? నావే."

"తాగడానికి కుండ లేదు, పడుకోవడానికి చాప లేదు. ఫ్రిజ్జు మాత్రం రెండు తలుపులది! పక్కింటి తల్లిని చూసైనా నేర్చుకోరాదా? సిగ్గనిపించదా?"

"అనిపిస్తాండాది సార్."

"వితంతు పింఛను వస్తుందా?"

"వస్తాది సార్."

"ఈ సామానంతా పెట్టుకుని పింఛనా! రేపే ఆఫీసులో చెప్తాను."

నల్లమ్మకు ఒలిచే పని పంట ఉన్నప్పుడే ఉంటుంది. వాన మొహం చాటేసిన ఏడు ఆమె పొయ్యి వెలిగేది ఆ పింఛనుతోనే. కాసేపు సోఫా వైపు, కాసేపు ఆయన వైపు చూసింది.

"ఇవి లేకుంటే పింఛను తీసేయరు కదా సార్?"

"లేకుంటే ఎందుకు తీస్తారు?"

"అయితే మీరే తీసుకపోండి. లేనోళ్ళకు యాడన్నా ఇయ్యండి."

ఉదయ్ కుమార్ పొంగిపోయాడు. ఇన్నేళ్ళలో తన మాట విని ఒక మనిషి మారడం ఇదే మొదటిసారి. అనాథల హాస్టలుకు పంపిస్తానని అక్కడికక్కడే టెంపోకు ఫోన్ చేశాడు.

"వద్దు సార్!" అని నాగలక్ష్మమ్మ వీధంతా వినిపించేలా అరిచింది. "పాపం, ఉంచుకోనీండి! వాటిని ముట్టుకోవద్దండి!"

"చూశావా ఇర్ఫానా? పొరుగుమనిషి కోసం ఎంత తల్లడిల్లుతోందో! ఇది తీయి, ఇది సభలో వేద్దాం."

ఫోను తన వైపు తిరిగింది. నాగలక్ష్మమ్మ నోరు తెరిచింది. బస్టాండు ముందర ఫ్లెక్సీ కళ్ళముందు కదిలింది. నోరు మూసుకుని, కళ్ళు తుడుచుకుని, ఫోనుకు దండం పెట్టింది.

"ఇక సాక్ష్యం చెప్పు నల్లమ్మా. ఈమె రోజూ ఇట్లాగే బతుకుతుందా?"

"ఇంక రోజూ ఇట్లనే సార్," అంది నల్లమ్మ. ఆయన అది రాసుకున్నాడు.

సాయంత్రానికి టెంపో పోయింది. బిరుదు ఖాయమని చెప్పి కారూ పోయింది. కుళ్ళాయప్ప హాల్లో చాప మీద కూలబడి తల పట్టుకున్నాడు. నాగలక్ష్మమ్మ కుండలో నీళ్ళు ముంచుకుని గటగటా తాగింది. అంతలో తలుపు చప్పుడైంది. గడపలో నల్లమ్మ నిలబడి ఉంది.

"పోటీ అయిపోయె కదక్కా," అంది.

"నా చాప, నా కుండ నాకిచ్చేయ్."