కౌలు తోట గేటు

“తుపాకీ కారులో పెట్టి రా తల్లీ,” అన్నాడు గేటు కాపలా ఆర్విల్, తుపాకులు తేవద్దన్న బోర్డు చూపించి.

“రోజూ ఇదే పాట. నోరు నొప్పెట్టదా పెద్దాయనా?” అంది డార్లా.

“నోరు పోతే పోనీ, ఉద్యోగం ఉండాలిగా!”

ఊరివాళ్ళు తిరగడానికొచ్చే ఆ తోటలో డార్లాది ఉడకబెట్టిన వేరుశనక్కాయల కొట్టు. నడుముకి చిన్న తుపాకీ పెట్టుకుని తిరుగుతుంది. జార్జియాలో అదేం వింత కాదు. పైగా లైసెన్సుంది. అయితే ఆమె సరదాకి కొనలేదు. విడిపోయిన మొగుడు కర్టిస్ ఒకసారి దవడ విరగ్గొట్టాడు. ఈసారి దొరికితే ప్రాణాలతో వదలనని కబురు కూడా పెట్టాడు. దగ్గరికి రావద్దని కోర్టు ఉత్తర్వు ఇచ్చింది. కాయితం ముక్క అడ్డం పడి తూటాని ఆపుతుందా? అందుకే పక్క రాష్ట్రం అలబామా వదిలి ఇక్కడికి పారిపోయి వచ్చింది.

వచ్చిన కొత్తలోనే ఆర్విల్‌కి ఫోన్‌లో ఓ ఫోటో చూపించింది.

“ఈ మొహం గుర్తుపెట్టుకోండి. వీడొస్తే గేటు తియ్యొద్దు. పెళ్ళికి వాడి వైపు నుంచి పురుగు కూడా రాలేదు. నాకెవరూ లేరన్నాడు. పిచ్చిదాన్ని, నమ్మాను.”

ఆర్విల్ ఆ ఫోటో చాలాసేపు చూశాడు.

“మర్చిపోయే మొహం కాదులే,” అన్నాడు చివరికి.

ఆమె వెళ్ళిపోయాక గేటు గొళ్ళెం మళ్ళీ లాగి చూసుకున్నాడు. చేసిందంతా తనే. ముందురోజు ఆదివారం, చర్చి నుంచి వచ్చాక భోజనాల దగ్గర, డార్లా అనే అమ్మాయి కొత్తగా కొట్టు పెట్టిందనీ, అలాంటి కాయలు జన్మలో తినలేదనీ ఒకటే వాగాడు. ఆ బల్ల దగ్గరే కర్టిస్ కూర్చుని మాంసం కోసుకుంటున్నాడు. తలెత్తకుండా, ఏ తోట అని అడిగాడు. ఆర్విల్ దారి కూడా చెప్పాడు. ఛీ, ఏం నోరిది!

వారం తిరక్కుండా డార్లాకి కర్టిస్ నుంచి ఫోన్ వచ్చింది. “కాయలు బాగా అమ్ముడవుతున్నాయటగా?” అంతే, పెట్టేశాడు.

“ఎవడో చెప్పాడు పెద్దాయనా! ఎవడై ఉంటాడు?” అంది గేటు దగ్గరికి పరుగున వచ్చి.

ఆర్విల్ వంగి బూటు తాళ్ళు సరిచేసుకున్నాడు. ఆమె పొద్దున్నే చేతిలో పెట్టిన వేడి కాయల పొట్లం ఆ రోజు విప్పలేదు. ఆ తర్వాత కూడా ఏ రోజూ విప్పలేదు. అయినా నిజం చెప్పడానికి నోరు రాలేదు.

తుపాకీ తోటలోకి తెచ్చుకోనివ్వాలని ఆమె కోర్టుకెక్కింది. తోట నేల నగరపాలక సంస్థది. యాభై ఏళ్ళ కౌలుకి తీసుకుని నడుపుతున్నది ఓ మొక్కల సంఘం. బోర్డు పెట్టింది ఆ సంఘమే.

“ప్రభుత్వ నేల మీద లైసెన్సు చెల్లుతుంది. కాదనడానికి కౌలుదారు ఎవరు?” అన్నాడు డార్లా లాయరు.

“అద్దెకిచ్చిన ఇంట్లోకి ఎవరు ఏం తేవాలో చెప్పేది అద్దెకున్నవాడే కదా? కౌలు ఉన్నన్నాళ్ళూ ఇదీ అంతే,” అన్నాడు సంఘం లాయరు. గేటు కాపలా ఎలా ఉంటుందో చెప్పమని ఆర్విల్‌ని బోనెక్కించాడు.

ఆర్విల్ డార్లా వైపు చూడలేదు. ఆమె చేతిలో తుపాకీ పేలితే నేల మీద పడేది ఎవరో ఆయన కళ్ళకి కట్టినట్టు కనిపిస్తూనే ఉంది.

“బోర్డు ఉండాల్సిందేనండి. ఆ తోటలో ఎవరి రక్తమూ కారకూడదు. నా గేటు దాటి చెడ్డవాడెవడూ లోపలికి రాడు. పూచీ నాది.”

కౌలు నడిచినంతకాలం ఆ నేల మీద మాట సంఘానిదేనని జడ్జిగారు తీర్పిచ్చారు. బోర్డు నిలిచింది.

కోర్టు మెట్ల మీద డార్లా ఆయన్ని ఆపింది. “నా ప్రాణం తీసుకెళ్ళి మీ పూచీలో పెట్టారు. వాడొస్తే ఆపగలరా మీరు?”

“ఆపుతాను తల్లీ,” అన్నాడు.

శుక్రవారం పొద్దున, జనం ఇంకా పలచగా ఉండగానే, రోడ్డు అవతల ఎర్ర ట్రక్కు ఆగింది. కర్టిస్ దిగాడు. చొక్కా కింద నడుము దగ్గర ఎత్తుగా ఉంది. ఆర్విల్‌ని చూసి నవ్వి చెయ్యి ఊపాడు.

ఆర్విల్ చెయ్యి ఊపలేదు. బయట నిలబడే గేటు మూసి గొళ్ళెం వేశాడు. తాళం కప్ప తగిలించి నొక్కాడు. వెనక కొట్టు దగ్గర డార్లా పొయ్యి వెలిగిస్తోంది. నడుము దగ్గర ఏమీ లేదు. పోలీసులకి ఫోన్ చేశాడు.

“కోర్టు రావద్దన్న మనిషి వచ్చాడు. తుపాకీ ఉంది. తొందరగా రండి.”

“పేరు సార్?” అవతల ఓ అమ్మాయి గొంతు.

“కర్టిస్ హోల్కమ్. వాళ్ళమ్మ ఇంటిపేరే పెట్టుకున్నాడు.”

“అతను ఇంకా రోడ్డు అవతలే ఉన్నాడా? మరి అంత దూరం నుంచి అతనేనని ఎలా చెప్తున్నారు సార్?”

కర్టిస్ నవ్వు ఆపి రోడ్డు దాటుతున్నాడు. ఆర్విల్ గేటుకి వీపు ఆనించి నిలబడ్డాడు.

“నా కొడుకుని నేను గుర్తుపట్టనా తల్లీ?”