లోపలి గడియ

"స్లాబు కారుతోంది, బాగుచేయించే ఖర్చులో సగం మీది" అంటే కిమ్మనకుండా తలూపిన డ్రాయింగ్ మాస్టారు, బాత్రూం తలుపుకి గడియ లేదనేసరికి అడ్డం తిరిగారు.

"ఆ తలుపుకి గడియ పెట్టకూడదండీ" అన్నారు.

ఇల్లు కొనడానికి వచ్చిన కళ్ళజోళ్ళ కొట్టాయనకి మొదట అర్థం కాలేదు. ఇదీ ఖర్చు గురించిన పేచీయే అనుకున్నాడు. నిజానికి గడియ ఖరీదు కన్నా, దాన్ని బిగించడానికి వచ్చినవాడికి ఇప్పించే టీలకే ఎక్కువవుతుంది.

"పోనీలెండి, ఇందులో సగం అడగను. నేనే పెట్టించుకుంటాను."

"ఎవరు పెట్టించినా వద్దండీ."

మధ్యలో కూర్చున్న బ్రోకరు నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. పొద్దుటి నుంచి అంతా సాఫీగా నడిచింది. స్లాబుకి చెరిసగం, మోటారుకి చెరిసగం, వంటింటి గట్టు పగిలిందంటే దానికీ చెరిసగం. ఒప్పందం కాగితం బల్ల మీద సిద్ధంగా ఉంది. ఇక సంతకాలే తరువాయి అనుకుంటుంటే వేలెడంత గడియ వచ్చి అడ్డం పడింది.

"మాస్టారూ, ఇంతకుముందు వచ్చినవాళ్ళు కూడా దీని దగ్గరే లేచి వెళ్ళిపోయారు" అన్నాడు గొంతు తగ్గించి. "ఈ బేరం కూడా పోతే ఇంకొకళ్ళని తీసుకురావడం నా వల్ల కాదు. ఈ ఇంట్లో కన్ను మూతపడట్లేదు, చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతాను, ఎలాగైనా అమ్మిపెట్టు అన్నది మీరే కదా?"

"నేనే." మాస్టారు కళ్ళజోళ్ళాయన వైపు తిరిగారు. "ఒక పని చేద్దామండీ. స్లాబు ఖర్చంతా నాదే. మోటారూ నాదే, వంటింటి గట్టూ నాదే. మీరు పైసా పెట్టక్కర్లేదు. ఆ తలుపుకి లోపల గడియ పెట్టించనని మాత్రం ఈ కాగితంలో ఒక్క మాట రాయండి."

అక్కడే ఆయన దెబ్బతిన్నారు. అడగని వరం ఇస్తానంటే దేవుణ్ణయినా అనుమానించే రకం కళ్ళజోళ్ళాయన. అప్పటిదాకా ఆ బాత్రూం వైపు సరిగ్గా చూడనైనా చూడనివాడు, ఇప్పుడు లేచి వెళ్ళి గోడకి చెవి ఆనించాడు. పలకలన్నీ వేలితో కొట్టి చూశాడు. కుళాయి తిప్పి, నీళ్ళు ఎటు పోతున్నాయో వంగి మరీ చూశాడు. చివరికి ద్వారబంధం దగ్గర దొరికింది ఆయనకి కావలసింది. తలుపు కొత్తది, ద్వారబంధం పాతది. ఒకచోట చెక్క ఊడిపోతే లప్పం పెట్టి రంగు పూశారు.

"చెదలా?" అన్నాడు, దొంగ దొరికినట్టు.

"చెదలు కాదు" అన్నారు మాస్టారు.

వెంట వచ్చిన కళ్ళజోళ్ళాయన భార్యకి ఇల్లు నచ్చింది. వంటింట్లోకి వెలుతురు బాగా వస్తోంది. ఇంత చిన్నదాని కోసం ఇల్లు చేజారిపోతుందేమోనని ఆవిడ దిగులు.

"మాస్టారూ, మీరే ఆలోచించండి. ఎదిగిన పిల్ల ఉంది. మా అత్తగారున్నారు. గడియ లేని బాత్రూంతో ఎలా వేగేది?"

"తలుపు మీద తువాలు వెయ్యండమ్మా. తువాలు కనపడితే లోపల మనిషి ఉన్నట్టు." మాస్టారు చటుక్కున ఆగారు. "మీ అత్తగారికి వయసెంత? ఆవిడ బాత్రూంకి ఒక్కరే వెళ్తారా?"

బ్రోకరుకి నవ్వాగలేదు. కళ్ళజోళ్ళాయనకి మాత్రం ఒళ్ళు మండిపోయింది.

"మా అమ్మ ఎలా వెళ్తే మీకెందుకండీ? నేను కూడా చాలా ఇళ్ళు చూశాను. గడియ కోసం బేరం చెడగొట్టుకునే మనిషిని ఇక్కడే చూస్తున్నాను. ఇందులో ఏదో మెలిక ఉంది. మాకొద్దు ఈ ఇల్లు." కాగితం మడిచి బ్రోకరు చేతిలో పెట్టాడు. "పద, వెళ్దాం."

భార్య అక్కడ లేదు. ఆ బాత్రూంలో ఏం లోపముందో తనే తేల్చుకుందామని లోపలికి వెళ్ళి, తలుపు సరిగ్గా పడుతుందో లేదోనని దగ్గరికి వేసి చూస్తోంది.

మాస్టారికి ఆ మూసిన తలుపు కనపడింది. లేచిన విసురుకి కుర్చీ వెనక్కి పడిపోయింది. మోకాళ్ళ నొప్పులతో గోడ పట్టుకు నడిచే మనిషి, ఒక్క ఉదుటున వెళ్ళి, వేలితో తోస్తే తెరుచుకునే తలుపుని రెండు పిడికిళ్ళతో బాదడం మొదలుపెట్టారు.

"అమ్మా! పలకండమ్మా! వింటున్నారా? పలకండి!"

తలుపు తెరుచుకుంది. ఆవిడ మొహం పాలిపోయి ఉంది.

"ఉన్నానండీ, ఇదిగో... ఇక్కడే ఉన్నాను."

మాస్టారు ద్వారబంధం పట్టుకుని అలాగే కిందికి జారి కూర్చుండిపోయారు. వేళ్ళ కణుపుల దగ్గర చర్మం లేచిపోయింది. అది చూసి బ్రోకరు నవ్వు ఎటు పోయిందో పోయింది. కళ్ళజోళ్ళాయన కూడా గుమ్మం దాకా వెళ్ళినవాడు వెనక్కి వచ్చాడు. ఆవిడకి ఆ పెద్దాయన మీద జాలేసింది. పక్కనే కూర్చుని, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది.

"ఎందుకండీ అంత కంగారు? లోపల నాకేమైనా అయితే నేనే పిలుస్తాను కదా?"

మాస్టారు లప్పం పెట్టిన చోట చెయ్యి వేసి నిమిరారు.

"మా ఆవిడా పిలిచిందమ్మా. లోపల జారిపడి, 'గడియ అందట్లేదండీ, గడియ అందట్లేదండీ' అని పిలిచి పిలిచి, నేను తలుపు విరగ్గొట్టేలోపే ఆగిపోయింది."