పోయినట్టు కాగితం

జానీ దవడ మీద పడిన దెబ్బకు అతని చేతిలోని ఫైళ్ళు షెడ్డు నిండా చెల్లాచెదురయ్యాయి. రెండో దెబ్బకు అతనే పడ్డాడు.

"ఇప్పుడన్నా రాస్తావా లాయరమ్మా?" అన్నాడు ఫణీంద్ర, చెయ్యి దులుపుకుంటూ.

సుస్మిత కుర్చీలోంచి కదల్లేదు. వెనకే గడ్డపార పట్టుకుని ఒకడు నిలబడి ఉన్నాడు.

మాచర్ల దగ్గర రెండొందల ఎకరాల్లో సోలార్ ప్లాంటు వస్తోంది. భూములన్నీ కౌలుకు సమకూర్చేది ఫణీంద్ర. ప్లాంటుకు అప్పిచ్చే బ్యాంకు తరఫున పత్రాలు చూసి, భూమికి ఏ చిక్కూ లేదని రాసివ్వాల్సింది సుస్మిత. హైదరాబాదులో ఆమె ఆఫీసులో ఈ ఫైలు ఎవరూ ముట్టుకోలేదు. పల్నాడు అనగానే అందరికీ ఏదో ఒక అర్జెంటు పని గుర్తొచ్చింది. ఈమె మాత్రం అడిగి మరీ తీసుకుంది. పాత దస్తావేజులు వెతికిపెట్టడానికి గురజాలలో జానీని గుమస్తాగా కుదుర్చుకుంది.

నూట తొంభై ఆరు ఎకరాలకు పేచీ లేదు. మధ్యలో నాలుగెకరాలు మాత్రం ఏసోబు అనే రైతువి. అవి తనకే రాసిచ్చాడంటూ ఫణీంద్ర ఒక వీలునామా తెచ్చాడు.

"వీలునామా చెల్లాలంటే రాసినాయన చనిపోయి ఉండాలి," అంది సుస్మిత, పొద్దుటి నుంచి నాలుగోసారి. "ఆయన పోయినట్టు కాగితం ఏదీ?"

"ఇరవై రెండేళ్ళ నాడు ఊరొదిలిపోయాడు. ఏడేళ్ళు కనపడకపోతే పోయినట్టే అంటగా!"

"ఆ మాట కోర్టు అనాలి. దానికి చాలా కాలం పడుతుంది. బ్యాంకు గడువు సోమవారం. పోనీ, ఆయన భార్య చేత రాయించుకు రండి."

"ఆ దేవమ్మా? సత్తెనపల్లిలో కూర్చుని నా మొగుణ్ణి చూపించండి అంటా ఏడుస్తది."

సోమవారం దాటితే కంపెనీ కర్నూలు వైపు పోతుంది. ఆ దిగులుతో ఫణీంద్రకు వారం రోజులుగా నిద్ర లేదు. జానీ జుట్టు పట్టుకుని లేపి, తలను ఇనప బల్లకేసి కొట్టాడు. నుదురు చిట్లింది.

"రాసెయ్యండి మేడమ్," అన్నాడు జానీ నెత్తురు ఉమ్ముతూ. "చంపేస్తారు."

"కాగితం లేకుండా రాయను."

లాయర్లకు కాగితాల పిచ్చి ఉండేదే. కానీ కళ్ళెదుట మనిషి చస్తుంటే కూడా కాగితమేనా? జానీకి కొట్టినవాళ్ళ కంటే ఆమె మీదే ఎక్కువ కోపం వచ్చింది.

ఫణీంద్ర ఆమె కుడిచేతిని లాగి బల్లకు అదిమిపెట్టాడు. గడ్డపార లేచింది. చిటికెన వేలు మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు షెడ్డులో అందరికీ వినపడింది.

"సంతకానికి ఆ వేలక్కర్లేదులే," అన్నాడు ఫణీంద్ర. "తర్వాతది కావాలి."

సుస్మిత పెదవి కొరుక్కుంది. 

"ఆయన పోయాడని మీకంత గట్టిగా ఎలా తెలుసు?" అంది చివరికి. "తెలిస్తే చూపించండి. నా కళ్ళతో చూశానని రాస్తాను. కాగితం బదులు అది చాలు."

ఫణీంద్ర ఆలోచించాడు.

"లాయరుకి చెప్పింది బయటికి పోదుగా?"

"అది మీ సొంత లాయరు సంగతి. నేను బ్యాంకు లాయర్ని."

"ఎవరి లాయరైతే ఏంది? లాయరు లాయరే," అని నవ్వాడు.

ఏసోబు పొలంలో ఈశాన్యం మూల హద్దురాయిని ఇద్దరు పెకలించారు. కింద తవ్వారు. మొదట ఒక టైరు చెప్పు బయటపడింది. తర్వాత ఎముకలు. పుర్రె ఒక పక్క పగిలి ఉంది.

సుస్మిత ఎడంచేత్తో ఫోను ఎత్తి వీడియో పెట్టింది. పొద్దుటి నుంచి ప్రతి హద్దురాయి దగ్గరా అలాగే తీస్తోంది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

"ఇది ఏసోబే అని ఎలా చెప్పగలరు?"

"పాతిపెట్టిందే నేనైతే!"

"తేదీ?"

"ఈస్టరుకి వారం ముందొచ్చే మట్టలాదివారం, దాని ముందు రోజు. కల్లంలో మిరపకాయలు ఆరేస్తా ఉన్నాడు. పొలం అమ్మరా అంటే అమ్మనన్నాడు. పారతో కొట్టా. చానా గట్టోడు, మూడు దెబ్బలు పట్టినయ్."

"చివరికి ఏమన్నా అన్నాడా?"

"అది గూడా కావాలా బ్యాంకుకి?"

"కావాలి."

"నీళ్ళడిగాడు."

"ఇచ్చారా?"

ఫణీంద్ర నవ్వాడు. ఆ నవ్వు కూడా వీడియోలో పడింది.

గుంటలోని చెప్పును ఆమె చాలాసేపు తీసింది. తర్వాత ఫోను సంచిలో వేసుకుని, "చాలు, సాయంత్రానికల్లా రాసి పంపిస్తాను," అంది. ఫణీంద్ర కారు దాకా వచ్చి సాగనంపాడు.

కారు మాచర్ల రోడ్డెక్కింది. జానీ నుదుటికి కర్చీఫు కట్టుకుని నడుపుతున్నాడు. మంచినీళ్ళ సీసా అందిస్తే ఆమె తీసుకుంది కానీ తాగలేదు. సీసా ఒళ్ళో పెట్టుకుని, నరసరావుపేటలో పోలీసు పెద్దాఫీసుకు వీడియో పంపింది. అది వెళ్ళేదాకా ఫోను మీంచి కన్ను తిప్పలేదు.

"ఎవడిదో నాలుగెకరాలు," అన్నాడు జానీ. ఇంకా కోపం తగ్గలేదు. "దానికోసం నా తల పగలగొట్టించారు, మీరు వేలు ఇరగ్గొట్టించుకున్నారు. దీంట్లో మీకేమొస్తది మేడమ్?"

సుస్మిత ఎడంచేత్తోనే సత్తెనపల్లికి ఫోను కలిపింది. అవతల ఎత్తేదాకా ఆగింది.

"అమ్మా," అంది, "నాన్న దొరికాడు."