సైరన్ మోగని నలభై నిమిషాలు

మీలూద్ తలుపు తట్టలేదు. తోసుకునే వచ్చాడు.

"నలభై నిమిషాలు, లల్లా గిజ్‌లాన్. నలభై నిమిషాలు మా అన్నని గుడ్లప్పగించి చూసింది మీ కెమెరా."

ఇంజినీరు గిజ్‌లాన్ కుర్చీ చూపించింది. అతను కూర్చోలేదు. అన్న బూషయీబ్‌ని మట్టిలో పెట్టి మూడు రోజులు. నిన్ననే అతని పేరున వాడకట్టుకంతా కుస్కుస్ భోజనం వండిపెట్టారు. అల్యూమినియం కరిగించే షెడ్డులో ఎవరు పడిపోయినా క్షణాల్లో సైరన్ మోగాలనే కదా ఆ కెమెరాలు పెట్టింది! మోగి ఉంటే బతికేవాడని డాక్టరే అన్నాడు. ఒళ్ళు మండదా మరి?

"పడిపోయాడని అది అనుకోలేదు," అంది ఆమె. "మూలన ఒంటరిగా ఉన్నాడు. మోకాళ్ళ మీద కూలాడు, నుదురు నేలకి ఆనింది. నమాజులో సజ్దా చేస్తున్నాడనుకుంది."

"మొక్కేవాడికీ చచ్చేవాడికీ తేడా తెలీని దాన్ని ఎందుకు తగిలించారండీ మా నెత్తిన?"

"మొదట్లో రెండింటికీ మోగేది. గుర్తులేదా?"

లేకేం. మధ్యాహ్నం నమాజుకి నుదురు ఆనించగానే చెవులు చిల్లులు పడేలా కూసేది. దాన్ని మీలూద్ తిట్టని రోజు లేదు. ఇంటికెళ్ళి అన్న దగ్గరా అదే గోల పెట్టేవాడు.

"మరి నోరు మూసుకోమని దానికి ఎవరు నేర్పారు?"

"మేమే. నేర్పాలంటే వేల ఫొటోలు కావాలి. అన్ని ఎక్కడ దొరుకుతాయి? ఒక మనిషిని చుట్టూరా ఫొటోలు తీసి, కంప్యూటర్లో ఆ ఒక్కడి చేతే ఇరవై వేల రకాలుగా సజ్దా చేయించాం. ఎండలో, నీడలో, పొగలో."

"ఎవడు వాడు?" మీలూద్ బల్ల గుద్దాడు. టీ గ్లాసు దొర్లిపోయింది. "ఎవడు మీ ముందుకొచ్చి వంగింది? పేరు చెప్పండి. వాడి కాళ్ళు విరగ్గొట్టకపోతే నా పేరు మీలూద్ కాదు."

"వద్దు మీలూద్. ఇంటికి వెళ్ళండి."

"మాలో ఒకడే కదా? ఏం ఆశ చూపించారు వాడికి?"

"ఎవరూ పిలవలేదు. తనే వచ్చాడు. ఎవరికీ చెప్పొద్దన్నాడు."

"చెప్పొద్దనే అంటాడు. చేసిన ఘనకార్యం అలాంటిది మరి. చూపించండి వాడి మొహం."

గిజ్‌లాన్ దొర్లిన గ్లాసును తీసి నిలబెట్టింది.

తర్వాత కంప్యూటర్ తెరను అతని వైపు తిప్పింది: తెల్లగుడ్డ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఎటు చూడాలో తెలీక సిగ్గుగా నవ్వుతున్నాడు బూషయీబ్.