నేర్పేవారు

“రేపటి లెక్కల పోటీలోంచి మీ అమ్మాయి పేరు కొట్టేస్తున్నానయ్యా,” అన్నారు సారు. “ఆ ఉచిత పాఠాల సైట్లో ‘నేర్పేవారు’ అని నొక్కి చేరింది. జవాబులు కనపడేది మాలాంటివాళ్ళకే. ఎంపిక పరీక్ష అందులోంచే ఇచ్చాం, చూసి రాసేసింది.”

మా అమ్మాయి తల దించుకుంది, నోరు విప్పలేదు. అసలు సంగతి ఎవరికీ చెప్పనని నాకు ఒట్టేసింది మరి.

బడి అంటేనే నాకు కడుపుమంట. లెక్క రాలేదని అయిదో తరగతిలో నన్ను బయట నిలబెట్టారు. మళ్ళీ లోపలికి పోలేదు. వెల్డింగ్ షాపులో పదిమందిని గదమాయించే నేను ఇక్కడ గుమ్మం దగ్గరే నిలబడ్డాను.

సారు జాబితా ముందుకు లాక్కున్నారు.

“ఆగండి సార్! అది నేర్పేది నాకే. నా లెక్కలు దిద్దడానికి దానికి జవాబులు కావాలిగా!”

“భలే కథ అల్లావే! అయితే ఇది చెయ్యి.” సుద్దముక్క నా చేతిలో పెట్టి, సగానికి మూడో వంతు కలపమన్నారు.

బోర్డు దగ్గరికి వెళ్ళాను. పై అంకెలు రెండూ కలిపాను, కింది అంకెలు రెండూ కలిపాను. అయిదింట రెండు అని రాశాను.

“నాన్నా!” అమ్మాయి గయ్యిమంది. “కిందివి కలపకూడదని ఎన్నిసార్లు చెప్పాలి నీకు? ముందు రెండిటి కిందా ఆరు వచ్చేలా మార్చమన్నానా, లేదా? బుర్ర షాపులో పెట్టొచ్చావా?”

అనేసి నాలుక కరుచుకుంది.

సారు జాబితా పక్కన పెట్టేశారు. నా చేతిలోని సుద్దముక్క తీసి దానికిచ్చారు.

“రేపు పోటీకి తొమ్మిదింటికల్లా వచ్చెయ్యమ్మా. ముందు మీ నాన్నకు ఇది సరిగ్గా చెప్పు.”

నన్ను ముందు బెంచీలో కూర్చోబెట్టి, తనూ నా పక్కన కూర్చున్నారు.