తల్లి శాంపిల్

హరిణి మోకాలు మళ్ళీ వాచింది. తొమ్మిదేళ్ళ పిల్ల, పొద్దున లేవగానే వేళ్ళు ముడవలేక పళ్ళు కూడా తల్లి చేతే తోమించుకుంటోంది.

అత్తిబెలె నుంచి రెండు బస్సులు మారి ఆసుపత్రికి వచ్చారు. పిల్లని భుజాన వేసుకుని తండ్రి గంగన్న ముందు నడిచాడు. లక్ష్మీదేవి కొంగు తలమీదికి లాక్కుని వెనకాల వచ్చి, ఎప్పటిలాగే జనానికి దూరంగా స్తంభం చాటున కూర్చుంది.

డాక్టర్ సమీనా ముగ్గురినీ లోపలికి పిలిచి పిల్ల మణికట్టు నొక్కి చూసింది. రిపోర్టు తెరిచింది.

"పిల్లల్లో కీళ్ళవాతం అందరికీ ఒకేలా ఉండదు. హరిణికి ఒక జీన్‌లో రెండు తేడాలున్నాయి. ఒకటి అమ్మ నుంచి, ఒకటి నాన్న నుంచి వచ్చుంటే ఇది తొందరగా ముదిరే రకం. మందు కూడా మార్చాలి. అది తేలాలంటే మీ ఇద్దరి రక్తం పరీక్ష చేయాలి."

"తీసుకోండి మేడమ్," గంగన్న అప్పుడే చొక్కా చేయి మడిచాడు.

లక్ష్మీదేవి చేతులు కొంగులో దాచుకుంది. "నాకు రక్తం తక్కువ మేడమ్. బిడ్డ నాయనది చాల్దా?"

"చెంచాడు తీస్తామమ్మా, అంతే. కాన్పు ఎక్కడైంది? ఆ కాగితాలుంటే తీసుకురండి."

"మా ఊర్లో."

"ఊర్లో యాడ? ఈడే గదా, ఈ పెద్దాసుపత్రిలోనే!" గంగన్న నవ్వాడు. "నేనప్పుడు మంగళూరులో పనికి పోయింటి మేడమ్. తిరిగొచ్చేతలికి బిడ్డనెత్తుకొని ఉండాది."

లక్ష్మీదేవి నవ్వలేదు. కళ్ళు తిరుగుతున్నాయంటూ లేచి బయటికి వెళ్ళిపోయింది.

తర్వాతి వారం రానంది. ఆపై వారమూ రానంది. గంగన్న మొదట బతిమాలాడు. తర్వాత అరిచాడు. ఒక సాయంత్రం మాత్రం గొంతు తగ్గించి అడిగాడు.

"ఆ రక్తంలో ఏముండాదని నీకింత భయం?"

ఆమె లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి గంగన్న ఆమె పెట్టిన అన్నం తినడం మానేశాడు. పిల్లని ఎత్తుకోవడమూ మానేశాడు. దూరంగా కూర్చుని దాని ముక్కూ కళ్ళూ పరీక్షగా చూసేవాడు. ఆ చూపు పడినప్పుడల్లా లక్ష్మీదేవి పిల్లకి అడ్డంగా జరిగి కూర్చునేది.

నెల తిరక్కుండానే రెండో మోకాలూ బిగుసుకుంది. నీళ్ళ గ్లాసు ఎత్తబోయి హరిణి జారవిడిచింది. గడప దాకా పాకి, వీధిలో ఆడుకునే పిల్లల్ని చూస్తూ అడిగింది.

"అమ్మా, నేనింక నడవనా?"

మర్నాడు గంగన్న పనికి వెళ్ళగానే లక్ష్మీదేవి పిల్లని వీపున కట్టుకుని ఒక్కతే ఆసుపత్రికి వచ్చింది. ఈసారి స్తంభం చాటుకి పోలేదు. తిన్నగా డాక్టరు గదిలోకి వెళ్ళింది.

"వచ్చావా, మంచిపని చేశావు," అంది సమీనా. "సిస్టర్, ఈమె శాంపిల్ తీసుకోండి."

సిస్టర్ లక్ష్మీదేవి చేతికి రబ్బరు పట్టీ బిగించింది. సూది విప్పింది.

"మేడమ్, ఇది తేలితే బిడ్డ నడుస్తాదా?"

"సరైన మందు పడితే నడుస్తుంది."

లక్ష్మీదేవి పిల్ల తల నిమిరింది. చాలాసేపు నిమిరింది. తర్వాత తన చేతికున్న పట్టీ తనే విప్పి బల్లమీద పెట్టింది.

"నా బిడ్డ పుడతానే పోయిన దినం, పక్క మంచం మీంచి ఈ బిడ్డను ఎత్తుకొచ్చినాను మేడమ్, కన్నతల్లీ తండ్రీ దేవనహళ్ళోళ్ళు, ఈడి రిజిస్టరులో పేర్లుంటాయి, పిలిపించండి."